ఉలిగెమ్మ వెండి బిళ్ళ

వాణి చెప్పు తెగింది!

ఆగలేదు. రెండోదీ విదిలించేసి పరుగెత్తుతోంది.

రాయచూరు మిట్టమధ్యాహ్నం... తారు రోడ్డు అరికాళ్లను కాల్చేస్తోంది. పోలీస్ స్టేషన్ ఇంకో వంద గజాలే!

వెనక జీపు హారన్.

యాభై గజాలు...

జీపు అడ్డంగా వచ్చి ఆగింది. ఒక చెయ్యి ఆమె జుట్టు పట్టి లోపలికి లాగేసింది!

డ్రైవర్ ఈరప్ప బండిని ఉరికిస్తున్నాడు. వెనక సీట్లో వాణి పక్కన సూగురేశ్. పాత విగ్రహాలు, నాణేలు దొంగతనంగా అమ్మేవాడు. ఒక చేతిలో వాణి ఫోన్, ఇంకో చేతిలో అరిగిన వెండి బిళ్ళ.

తప్పంతా తనదే అనుకుంది వాణి. బుద్ధి గడ్డి తిన్నది!

వెండి మంచిదో కల్తీదో పరీక్షించి చెప్పే చిన్న కొట్టు వాణిది. కల్మల ఊళ్లో ఉండే అమ్మ ఉలిగెమ్మ ఆ బిళ్ళ పంపింది. తాతల నాటిది, ఏ కాలందో చూడమంది. వాణి దాని ఫొటో తీసి నాణేల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. గ్రీకుదని జవాబొచ్చింది.

ఈ పొద్దున సూగురేశ్ వచ్చాడు.

"యాడిది గిది?"

"కాబూల్ దిక్కు ఏలిన గ్రీకు రాజులది అన్నా. రెండు వేల ఏండ్లు ఉంటది. ఇగో, మూడు అక్షరాలు ఇంక కనబడుతున్నయ్..."

చెంప పగిలింది!

"రాజు ముచ్చట ఎవడడిగిండు? నీకెవరిచ్చిండ్రు? ఒకటి దొరికిన కాడ కుండెడు ఉంటయ్. తుర్విహాళ ఊర్ల భీమేశ్ గిట్లనే నోరిప్పలే. కాలువల తేలిండు."

కుండ లేదు. ఉన్నది ఆ ఒక్క బిళ్ళే! కానీ ఎవడు నమ్ముతాడు? ఇల్లంతా తవ్వుతారు. అమ్మను బతకనివ్వరు.

"దేవదుర్గ ముసలాయన ఇచ్చిండు. సచ్చిపోయిండు అన్నా."

అలా అబద్ధం చెప్పి, సందు చూసి కొట్టులోంచి పరుగెత్తింది. ఇప్పుడు జీపులో సూగురేశ్ బిళ్ళను వెలుతురులో తిప్పాడు.

"ఒక్క దిక్కే అరిగిందేంది... ఏటవాలుగ?"

అంచున ఇరుక్కున్న మట్టిని గోటితో గీకి నాలుకకు రాసుకున్నాడు.

గతుక్కుమన్నాడు!

"వస!"



"మా తమ్ముడు పుట్టినప్పుడు చూసిన. మంత్రసాని రాయి మీద వస అరగదీసి, గీ బిళ్ళ గూడ రుద్ది, తేనెల కలిపి వాని నోట్లె పెట్టింది... కల్మల ఉలిగెమ్మవ్వ!"

కళ్లల్లో నిజంగానే నీళ్లు!

వాణి అతని కాళ్ల మీద పడింది. "మా అమ్మనే అన్నా! ఒక్కటే బిళ్ళ. పుట్టిన పిల్లలందరికీ రుద్ది రుద్ది అరిగింది. కుండ లేదు, ఒట్టు! నీకు గూడ పురుడు పోసింది ఆమెనే కదా!"

సూగురేశ్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఈరప్పా... కల్మలకు తిప్పు."

వాణి ఫోన్ నుంచే కలిపాడు. స్పీకర్ పెట్టి ఫోన్ ఒళ్లో ఉంచుకున్నాడు. ఎడమ చేత్తో ఆమె నోరు నొక్కాడు.

"అవ్వా, నేను తాయమ్మ కొడుకును."

"సూగురేశా!" ముసలి గొంతులో ఎంత సంబరం! "కాళ్లు ముందుగాల వచ్చినోడివి! మీ అమ్మను ఎంత తిప్పలు పెట్టినవురా!"

"వాణి నా పక్కనే ఉంది. ఇద్దరం వస్తున్నం. ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"నేనొక్కదాన్నే బిడ్డా. రాండ్రి, రొట్టెలు చేస్త."

వాణి అతని వేలిని ఎముక తగిలేదాకా కొరికింది! చెయ్యి జారింది. గుండెల నిండా ఊపిరి పీల్చి నోరు తెరిచింది...

సూగురేశ్ నడుములోని పిస్తోలు లాగాడు. ఢాం!

డొక్కలో నిప్పు. అరుపు రాలేదు. వెచ్చటి నెత్తురే వచ్చింది.

"ఏం చప్పుడు బిడ్డా గది?"

"టైరు పేలింది అవ్వా."

"అయ్యో... పైలంగ రాండ్రి. నా బిడ్డ జాగ్రత్త!"