పిడి మార్చిన బాయొనెట్

పొద్దున్నే తెచ్చి పెట్టిన కాఫీ చల్లారిపోతున్నా వెర్నర్ షెడ్డులోంచి కదల్లేదు. బాయొనెట్ పిడికి చివరి మర బిగించి, నూనెగుడ్డతో తుడిచి, కిటికీ వెలుగులో చూసి మురిసిపోయాడు. జర్మన్ సైనికులు తుపాకీ మొనకు తగిలించుకునే ఈ బాకులు, బాయొనెట్లు, పోగుచెయ్యడం అతనికి ఇరవై ఏళ్ళ పిచ్చి. ఏ ఏడాది తయారీయో, బాకు మీది అంకె ఒర మీది అంకెతో కలుస్తుందో లేదో చూడగానే చెప్పేస్తాడు.

ఇది మామగారు లారిట్స్‌ది. యుద్ధం ముగిసిన నలభై అయిదులో ఓడిపోయిన జర్మన్లు కాలినడకన తమ దేశం వెళుతూ ఇక్కడి జట్లండ్ ప్రాంతపు రోడ్ల పక్కన పారేసినవాటిలో ఒకటి. లారిట్స్ దాంతో ఏళ్ళ తరబడి పశువుల మేతకు పండించే బీట్‌దుంపల ఆకులు నరికాడు. పిడికి అసలు పలకలు పోయి, పియర్ పండ్ల చెట్టు చెక్కతో ఎవరో చేసిన మొరటు పలకలుండేవి. నెల కిందట వెర్నర్ దాన్ని ఎవరికీ చెప్పకుండా పట్టుకొచ్చాడు. ఆ చెక్కలు పొయ్యిలో పడేసి, జర్మనీ నుంచి అసలైనవి తెప్పించి బిగించాడు. ముసలాయన నెలంతా కొట్టం గాలిస్తున్నాడని తెలిసినా లోలోపల నవ్వుకుని ఊరుకున్నాడు. ఘనకార్యం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

మధ్యాహ్నం లారిట్స్ ఇంట్లో ఆయన ఎనభయ్యో పుట్టినరోజు విందు. బల్ల మీద చిన్న చిన్న జెండాలు, వెన్న రాసిన బన్నులు. ముసలాయన వెర్నర్ ఇచ్చిన కానుక కాగితం విప్పి, బాయొనెట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది నాది కాదు,” అన్నాడు.

మీదే మామయ్యా, సైనికుడి చేతిలో ఎలా ఉండేదో అచ్చం అలాగే చేశానని వెర్నర్ ఉత్సాహంగా వివరించాడు. అతని భార్య గ్రేటె మొహం పాలిపోయింది. పాత చెక్కలేవని అడిగింది. కాల్చేశానన్నాడు.

“అవి మా అన్న ఏవాల్డ్ చేసినవి,” అంది గ్రేటె. “పద్నాలుగేళ్ళప్పుడు. పద్దెనిమిదికి వాణ్ణి సముద్రం తీసుకుంది, శవం కూడా దొరకలేదు. వాడి చేతిపని ఈ ఇంట్లో అదొక్కటే మిగిలింది.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“నాన్న ముందు ఆ పేరెత్తలేక పోయాం. మరి నువ్వో? దాని అంకెలన్నీ చదివావు. ఆ చెక్కలు ఎవరివని ఒక్కసారైనా అడిగావా? ఇవాళ నేను నీతో ఇంటికి రాను.”

వెర్నర్‌కు తన షెడ్డు గుర్తొచ్చింది. గోడల నిండా వేలాడదీసిన ఆ బాకుల్లో ఒక్కదాని వెనకున్న మనిషి ఎవరో కూడా తనకు తెలియదు. సిగ్గుతో తల వంచుకుని వెళ్ళి ముసలాయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

“ఏవాల్డ్ ఎలా ఉండేవాడు మామయ్యా?”

 లారిట్స్ బాయొనెట్‌ని ఎడమచేతిలోకి తీసుకున్నాడు.

“వాడిది ఎడమచేతి వాటం. తన చేతికి తగ్గట్టే చెక్కుకున్నాడు. నా కుడిచేతికి అది అమరేదే కాదు. వాడు పోయాక చెక్కలు మార్చబుద్ధి కాలేదురా. నేనే ఎడమచేత్తో నరకడం నేర్చుకున్నాను.”

నున్నటి కొత్త పిడి మీద ఆ ముసలి వేళ్ళు పట్టు కోసం తడుముకుంటున్నాయి. చూడలేక వెర్నర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. గ్రేటె కాసేపు అలాగే నిలబడి, చివరికి కుర్చీ లాక్కుని వాళ్ళ పక్కన కూర్చుంది.

లారిట్స్ అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇంకా అడుగు,” అన్నాడు.