న్యాన్య అయిపోయింది

"నొక్కకండి మాస్టారూ! అవి టమాటాలు, మీ బళ్లో పిల్లల చెవులు కావు."

వకేషో నాతో అన్న మొదటి మాట అది. అప్పటికే నా చేతిలో ఒక టమాటా నలిగిపోయింది. దానితోపాటు నేనూ అయిపోయాననుకోండి.

అప్పటి నుంచి మూడు నెలలు, ప్రతి శనివారం మా వుందాన్యి కొండ దిగి వాళ్ల తోటకు వెళ్లేవాణ్ణి. బడిలో తోటి టీచర్లందరికీ టమాటాలు పంచిపెట్టాను. అసలు మాట మాత్రం గొంతు దాటలేదు. పంట అయిపోతే ఏ వంక పెట్టుకుని వెళ్లాలి? అదే నా దిగులు.

పోయిన శనివారం వెళ్లేసరికి తోట పసుపు రంగుకు తిరిగింది. సుకుమా ఆకుకూర పూత వేసి ముదిరిపోయింది. వకేషో టమాటా మొక్కలకు ఊతంగా పాతిన కర్రలు పీకుతోంది.

"తర్వాత ఏం వేస్తారు?" అన్నాను.

"చిక్కుడు. మీకు ఇష్టమేనా?"

"అబ్బే, నాకు పడదు."

ఛీ, నా నోరు పడిపోనూ! ఆమె ముఖం తిప్పుకుని కర్రలు కట్ట కట్టేసింది.

శుక్రవారం సాయంత్రం వకేషో నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "న్యాన్య అయిపోయింది. రేపు రావక్కర్లేదు."

మా స్వాహిలీలో టమాటానూ న్యాన్య అంటాం, అమ్మమ్మనూ న్యాన్యే అంటాం. వకేషోను పెంచింది వాళ్ల న్యాన్యే. పాపం, రెండు వారాలుగా ఒకటే దగ్గు ఆవిడకు. పెద్దావిడ పోయిందన్నమాట. రావద్దంటే మాత్రం ఎలా మానేస్తాను?

పొద్దున్నే నల్ల కోటు తొడుక్కుని, చావింటికి తీసుకెళ్లే పంచదారా, టీ పొడీ కొనుక్కుని బయలుదేరాను. వాకిట్లో జనం లేరు. వకేషో ఒక్కతే వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, బుగ్గల మీద నీళ్లు. నేను ఆగలేకపోయాను.

"ఊరుకో వకేషో. పెద్దావిడ మహారాణిలా బతికింది. నీకెవరూ లేరనుకోకు, నేనున్నాను. ఎప్పటికీ ఉంటాను. నువ్వంటే నాకు ప్రాణం. న్యాన్య బతికుండగానే నిన్నిమ్మని అడగాల్సింది. నాకే ధైర్యం చాల్లేదు."

వకేషో వెనక్కి తిరిగి వంటింట్లోకి చూసింది.

"ఇప్పుడడుగు నాయనా, ఇంకా ఉన్నాగా!" వంటింట్లోంచి వినిపించింది.

ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో ఉల్లిపాయ పట్టుకుని న్యాన్య బయటికొచ్చింది. నా కోటునూ, పంచదార పొట్లాన్నీ పైనుంచి కిందికి చూసింది.

"నన్ను పాతిపెట్టడానికే వచ్చావురా?"

"మెసేజ్‌లో... న్యాన్య అయిపోయిందని..."

"టమాటాలు, మాస్టారూ!" వకేషో నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది. "ఇవి ఉల్లిపాయల కన్నీళ్లు!"

"ఆ కోటు విప్పు," అంది న్యాన్య. "తోటలో ఆఖరి నాలుగు కాయలున్నాయి, కచుంబారి చేసుకుందాం. ఉల్లి సంగతి తెలుసా నీకు?"

తెలియదు. ఆవిడ చెప్పినట్టే సన్నగా తరిగిన ఉల్లిముక్కల్ని ఉప్పేసి పిసికి, ఘాటు పోయేదాకా నీళ్లలో కడిగాను. వకేషో టమాటాలు కోసింది. ఒక పచ్చిమిరపకాయ, కాస్త కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండాం. ముగ్గురం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని మొక్కజొన్న పిండి ముద్ద, అదే ఉగాలితో తిన్నాం. నా చావు పంచదారతోనే టీ పెట్టండి అంది న్యాన్య, దగ్గుతూ నవ్వుతూ.

"మరి నేనడిగిన దానికి జవాబు?" అన్నాను చివరికి.

"నన్నడుగుతావేం? దాన్నడుగు. టమాటాల కోసమే వచ్చేవాడివని నిన్నంతా మూతి ముడుచుకు కూర్చుంది."

వకేషో తల ఎత్తలేదు. పళ్లెంలో మిగిలిన ఒక్క టమాటా ముక్కను నా వైపు తోసింది.

"వచ్చే శనివారం చిక్కుడు గింజలు నాటాలి," అంది మెల్లగా. "నువ్వొస్తావా?"

మూడు నెలలుగా మీరు, మీరు అన్న మనిషి!

"చిక్కుళ్లంటే నాకు ఎంత ఇష్టమో నీకు తెలీదు," అన్నాను.