టైరు మీది సీటు

ఉదయం తొమ్మిదీ పదికి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ కింద జోస్యం చెప్పేవాడి పంజరం మాయమైంది. తొమ్మిదీ ఇరవైకి అందులోని చిలక ఆయుష్షు రక్షణ విభాగం టేబుల్ మీద కూర్చుని తాపీగా జామకాయ తింటోంది. తొమ్మిదిన్నరకి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. చిలక ఖాళీ. చచ్చిపోయిందని కాదు. దాని ప్రాణం తప్ప అందులో ఇంకెవరి ప్రాణమూ లేదు.

"మూడు నెలల ఆపరేషన్ బూడిదలో పోసిన పన్నీరైంది," అంది చీఫ్ ఇందిరాదేవి. గుడివాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆవిడ మాటలో ఆ ఊరు ఊరంతా ఉంటుంది. "కోర్వాక్ ఎప్పుడో తన ప్రాణాన్ని చిలకలోంచి తీసేశాడు. మనం ఉత్త చిలకని అరెస్టు చేశామయ్యా."

ఏజెంట్ సాయినాథ్ చిలక వైపు చూశాడు. చిలక కూడా అతని వైపు చూసింది. ఇద్దరికీ ఏమీ తోచలేదు.

విభాగం ఆఫీసు ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. కింద నాలుగొందల మంది కరెంట్ అఫైర్స్ బట్టీ కొడుతుంటారు కాబట్టి, పైన ఎంత గట్టిగా మంత్రం చదివినా ఎవరికీ అనుమానం రాదు. ఈ ఊళ్లో మంత్రాలున్నాయని మామూలు జనానికి తెలియదు. తెలిస్తే దానికీ ఒక కోచింగ్ సెంటర్ వెలుస్తుంది.

"బ్రీఫింగ్," అంది ఇందిరాదేవి, ల్యాబ్ రిపోర్టు వెనకే వచ్చిన కొత్త ఫైలు తెరిచి. "డాక్టర్ కోర్వాక్. దేశం వాల్డోరియా. వయసు మూడొందల పన్నెండు. మొదటి వందేళ్లు ప్రాణం చిలకలో దాచి బతికాడు. తర్వాత పరకాయ ప్రవేశం మరిగాడు. నాలుగు శరీరాలు మార్చాడు. అయిదోసారి ఎయిర్‌పోర్టులో వేలిముద్రలు కలవక దొరికిపోబోయాడు. ఇప్పుడు నాలుక కింద రసమణి అనే పాదరసపు గుళిక పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు. దాని గడువు ఇవాళ్టితో సరి. పదకొండూ నలభై ఏడుకి."

"అంటే ఇవ్వాళ చస్తాడు. మంచిదే గద మేడమ్."

"పీఠం లేకపోతే చచ్చేవాడే. పన్నెండేళ్ల కిందట వాడి మనుషులు ఈ తూర్పు వైపే ఎక్కడో ఒక ఆసనం కింద రాగిరేకు పెట్టారు. దాని మీద వెయ్యి మందికి పైగా కూర్చున్నారు. సరిగ్గా ఆ పదకొండూ నలభై ఏడు ముహూర్తానికి కోర్వాక్ వచ్చి కూర్చుంటే, వాళ్లందరి మిగిలిన ఆయుష్షూ వాడికి ఎక్కుతుంది."

"వాళ్లు?"

"ఎక్కడివాళ్లక్కడ పడిపోతారు."

"రేకు పీకేస్తే?"

"ఇంకా ముందే పడిపోతారు. ముహూర్తం దాటాక మాత్రం అది ఉత్త రేకే." ఇందిరాదేవి కళ్లజోడు తీసింది. "కూర్చున్నవాడి దాహం ఏదో పీఠం అది తీరుస్తుందట. మనిషన్నవాడికి ఎప్పుడూ ఆయుష్షు దాహమే కదా. కోర్వాక్ బదులు నువ్వు కూర్చున్నా నువ్వే చిరంజీవివి, మిగతావాళ్లు శవాలు. కాబట్టి ఆ నిమిషానికి ఆ ఆసనంలో ఏ మనిషీ ఉండకూడదు. అంతే నీ పని."

"ఆసనం ఎక్కడ?"

"అరుణజ్యోతి చెబుతుంది. కోర్వాక్ ముఠాలో మనం పెట్టిన ఏజెంటు. నిన్న రాత్రి దాకా మన మనిషే."

పదిన్నరకి సాయినాథ్ మెట్రో మెట్ల కింద నిలబడ్డాడు. పెట్టుడు మీసం, మెడలో తాడుతో వేలాడే అట్ట, దాని నిండా ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు. నడుము దగ్గర విభూది పిస్టల్. దాని పొడి తగిలితే మూడొందల ఏళ్లవాడైనా రెండు గంటలు గుర్రు పెట్టాల్సిందే. జేబులో అంజనం రాసిన టెంపర్డ్ గ్లాస్. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుంటే దాచినవి కనిపిస్తాయి.

పదిన్నరకి రావలసిన అరుణజ్యోతి పదకొండైనా రాలేదు. సాయినాథ్ కాళ్లు ఒక్కచోట నిలవలేదు. టైమ్ చూశాడు, మెట్లు చూశాడు, మళ్లీ టైమ్ చూశాడు. ఈలోగా నిజంగానే రెండు కవర్లు అమ్ముడుపోయాయి.

పదకొండూ అయిదుకి మల్లెపూల సెంటు వాసన ముందు వచ్చింది. ఆ వెనక ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు వచ్చాయి. దారిన పోయే ముగ్గురు వెనక్కి తిరిగి చూసి ఒకర్నొకరు గుద్దుకున్నారు.

"టెంపర్డ్ గ్లాస్ ఉందాండీ?"

"ఏ మోడల్‌కి?"

"ఇంకా రిలీజ్ కాని మోడల్‌కి."

కోడ్ సరిపోయింది. అరుణజ్యోతి కవర్లు ఎంచుతున్నట్టు నటిస్తూ గొంతు తగ్గించింది. "ఎల్బీ నగర్. నల్గొండ పోయే బస్సు. పదకొండూ నలభై నాలుగుకి స్టాపులోకి వస్తుంది. ఎడమవైపు వెనక, టైరు మీది సీటు."

సాయినాథ్ చేతిలోని కవర్ జారిపడింది.

టైరు మీది సీటును బుద్ధున్నవాడెవడూ కోరుకోడు. మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, గుంత పడితే నడుం విరుగుతుంది. అందుకే ఎంత రద్దీలోనైనా అదొక్కటి మిగిలి ఉంటుంది. అందుకే పన్నెండేళ్లుగా హయత్‌నగర్ మార్కెట్లో ఆకుకూరలు అమ్ముకుని, మధ్యాహ్నం ఖాళీ గంపతో ఆ బస్సెక్కి, అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఒక ఆడమనిషి ఆ సీట్లోనే కూర్చుంటోంది. పేరు పెంటమ్మ. సాయినాథ్ తల్లి. కొడుకు కోచింగ్ ఆఫీసులో క్లర్కనీ, జీతం తక్కువైనా నీడపట్టు పననీ ఆమె నమ్మకం.

"ఏమైంది?" అంది అరుణజ్యోతి.

"ఏం లేదు. నడు."

పరుగెత్తుతూనే అమ్మకు ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. ఆ ఫోన్ ఎప్పుడూ తోటకూర కట్టల కింద ఉంటుంది. ఎత్తితే మాత్రం ఏం చెప్పాలి? ఆ సీట్లో కూర్చోవడం పన్నెండేళ్ల కిందటే మానేయాల్సిందని చెప్పాలా?

మెట్రో చెకింగ్ దగ్గర పురుషుల లైను పాములా మెలికలు తిరిగి ఉంది. ఆడవాళ్ల లైన్లో ముగ్గురే ఉన్నారు. "మీ సామాను నా హ్యాండ్‌బ్యాగ్‌లో వెయ్యండి, నన్నెవరూ ఆపరు," అంది అరుణజ్యోతి. తొందరలో ఉన్న మనిషికి ఏ సలహా అయినా మంచిదే అనిపిస్తుంది. సాయినాథ్ పిస్టల్ ఇచ్చేశాడు.

చైతన్యపురి. విక్టోరియా మెమోరియల్. రైలు నిమిషమే ఆగినా అతనికి పూట గడిచినట్టుంది. పదిహేడుసార్లు ఫోన్ చేశాడు. ఎల్బీ నగర్లో తలుపులు తెరుచుకున్నాయి, జనం తోసుకున్నారు, మల్లెపూల వాసన ఒక్కసారి మొహానికి కొట్టి దూరమైంది. తిరిగి చూస్తే అరుణజ్యోతి లేదు. పిస్టల్ లేదు. ఫోన్లో మెసేజ్ ఉంది: "సారీ అండీ. ఆయన నాకు రెండొందల ఏళ్లు రాసిస్తానన్నారు. మీ డిపార్ట్‌మెంట్ డి.ఏ. కూడా ఇవ్వదు."

పదకొండూ నలభై.

చౌరస్తా కింద జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. సూర్యాపేట వాళ్లు, దేవరకొండ వాళ్లు, నల్గొండ వాళ్లు, సంచులు, బిందెలు, పిల్లలు. వాళ్ల నడుమ తెల్ల లినెన్ కోటులో కోర్వాక్ నిలబడి ఉన్నాడు. నున్నటి మొహం, వయసు నలభై అంటే నమ్మొచ్చు. పక్కన ఎర్ర చీర, చుట్టూ నలుగురు కండలవాళ్లు.

పదకొండూ నలభై నాలుగు. బస్సు వచ్చింది. ఆగకముందే జనం దాని మీద పడ్డారు. కండలవాళ్లు భుజాలతో దారి చీల్చి, కోర్వాక్‌ని పల్లకీ ఎక్కించినట్టు ముందు తలుపులోంచి ఎక్కించి, వాళ్లు మాత్రం కిందే చిక్కుకుపోయారు. అరుణజ్యోతి అతని వెనకే దూరింది. సాయినాథ్ తలుపు దాకా వెళ్లలేకపోయాడు. అతనికీ మెట్టుకీ మధ్య పాతిక మంది, రెండు కుక్కర్లు, ఒక టేబుల్ ఫ్యాను ఉన్నాయి.

టెంపర్డ్ గ్లాస్ కంటికి పెట్టుకున్నాడు. ఎడమవైపు వెనక సీటు కింద రాగిరేకు కొలిమిలా మండుతోంది. సీటు ఇంకా ఖాళీ. కోర్వాక్ నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. కిటికీ తెరిచే ఉంది.

ఆ క్షణంలో సాయినాథ్ ట్రైనింగంతా మరిచిపోయాడు. చిన్నప్పుడు అమ్మ నేర్పింది మాత్రం చెయ్యి మరిచిపోలేదు. జేబులోంచి గళ్ల కర్చీఫ్ తీసి కిటికీలోంచి సీటు మీదికి విసిరాడు.

కర్చీఫ్ సీటు నడిమధ్య పడింది.

కోర్వాక్ వచ్చాడు. చూశాడు. రెండు వేళ్లతో దాన్ని ఎత్తి, ముక్కు చిట్లించి కింద పడేసి, కూర్చున్నాడు. వెయ్యిన్నొక్క మంత్రాలు నేర్చినవాడికి నల్గొండ బస్సులో ఎట్లా కూర్చోవాలో ఎవరూ నేర్పలేదు.

"ఓ సారూ!" కండక్టర్ సంతోషి గొంతు బస్సు ఆ చివర నుంచి మోగింది. "కర్చీఫ్ కనబడ్తలేదా?"

"అది గుడ్డముక్క," అన్నాడు కోర్వాక్ పుస్తకాల తెలుగులో.

పక్కన నిలబడ్డ జంగయ్య, తలపాగా, చేతికర్రతో చౌటుప్పల్ పోతున్న డెబ్బై ఏళ్ల మనిషి, ముందుకు వంగాడు.

"గుడ్డ గాదు. మనిషి. కర్చీఫ్ ఏసిన్రంటే గాడ మనిషి కూసున్నట్టే. లే."

"నేను డబ్బిస్తాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. "మాకు పైసల్ జూపిస్తవా? లెవ్వరాదు!" అని వెనక సీటు లేచింది. "ఏసీ బస్సుల పోవయ్యా!" అని ముందు సీటు లేచింది. కోర్వాక్ మంత్రం మొదలుపెట్టాడు. సగంలోనే ఎవరిదో పరుపుల మూట మొహానికి తగిలి నోరు మూసుకుపోయింది. రెక్కలు పట్టి లేపారు, చేతుల మీదుగా వెనక తలుపు దాకా పంపి స్టాపులోకి దించేశారు. బస్సులో ఉన్నవాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆ సీట్లో కూర్చున్నవాళ్లే. తమ ప్రాణం తామే కాపాడుకుంటున్నామని వాళ్లకు తెలియదు.

జంగయ్య కర్చీఫ్ తీసి దులిపి, సీటు మీద మళ్లీ పరిచాడు. "ఎవరిది గిది?"

"నాదే తాతా!" సాయినాథ్ ఎట్లాగో లోపలికి చొచ్చుకొచ్చాడు. టైమ్ పదకొండూ నలభై ఆరు దాటింది. ఇంకా నలభై సెకన్లు.

అప్పుడు మొదలైంది అసలు ఆపద.

"రా తమ్మీ, జరుగున్రి, జరుగున్రి," అంటూ జనం దారి ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు, వెనక నుంచి ప్రేమగా తోశారు. "నీ సీటే, కూసో." భుజాల మీద చేతులు పడ్డాయి. మోకాళ్లు సీటు అంచుకు తగిలాయి. కాళ్లలోకి ఏదో చల్లగా, తియ్యగా పాకింది. ఇక ఎప్పటికీ చావు ఉండదని అది నెమ్మదిగా చెబుతోంది. ఒక్క క్షణం, అబద్ధమెందుకు, అతనికి కూర్చోవాలనిపించింది.

"కూర్చోండి," అంది అరుణజ్యోతి పక్క నుంచి మెల్లగా. "ఊరికే వస్తోంది."

"కూసో అన్నా, బస్సు తియ్యాలె!" అని సంతోషి విజిల్ నోట్లో పెట్టుకుంది.

"నువ్ గూసోకుంటే నేన్ గూసుంట బిడ్డా, కాళ్లు గుంజుతున్నయ్," అన్నాడు జంగయ్య, వంగుతూ.

పన్నెండు సెకన్లు. సాయినాథ్ ముందు కడ్డీని రెండు చేతులా పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. పెట్టుడు మీసం సగం ఊడి వేలాడుతోంది.

"తాతా, నీ కాళ్లు మొక్కుత. నాకు గాదు, మా అమ్మకు ఆపిన. హయత్‌నగర్‌ల ఎక్కుతది. పొద్దటి సంది నిలబడే ఉంటది."

జంగయ్య వంగినవాడు వంగినట్టే ఆగాడు. నడుం నిలబెట్టుకుని, చేతికర్ర సీటుకి అడ్డం పెట్టాడు.

"అమ్మకా? గట్ల చెప్పు మరి. ఎవ్వడు గూసుంటడో నేన్ జూస్త."

పదకొండూ నలభై ఏడు.

సీటు ఒక్కసారి వణికింది. పీఠానికి కావలసింది కూర్చున్న మనిషి. ఆ బస్సు చట్టం ప్రకారం అక్కడ మనిషి ఉన్నట్టే. ఆ మనిషికి ఏం దాహమో పీఠం వెతుక్కుంది. కర్చీఫుకి ఉండే దాహం ఒక్కటే, చెమట. పన్నెండేళ్లలో ఆ సీట్లో కూర్చున్న వెయ్యి మంది చెమట, మోసిన గంపల బరువు, నిలబడ్డ కాళ్ల సలుపు, అంతా వచ్చి ఆ గళ్ల గుడ్డలో చేరింది. అంచుల నుంచి నీళ్లు ధారగా కారాయి. జంగయ్య "అబ్బ" అని కాలు విదిలించి చూసుకున్నాడు. ముందు సీట్లో ఎవరో హాయిగా నిట్టూర్చారు.

కిటికీలోంచి స్టాపు కనిపించింది. అక్కడ తెల్ల లినెన్ కోటు నేల మీద కుప్పగా పడి ఉంది. దాని నుంచి చిన్న రసమణి ఒకటి దొర్లి పోయింది. కోటులో ఎవరూ లేరు.

అరుణజ్యోతి నల్ల కళ్లద్దాలు సర్దుకుని, హ్యాండ్‌బ్యాగ్ తెరిచి పిస్టల్ అతని చేతిలో పెట్టింది. "నేను మొదటి నుంచీ మీ పార్టీయేనండీ. చీఫ్ గారికి అలాగే రాయండి." ఆ రిపోర్టు ఎట్లా రాయాలో సాయినాథ్‌కి అప్పుడే తెలుసు. ఆమె వనస్థలిపురంలో దిగేసరికి కింద విభాగం జీపు ఉండేలా చీఫ్‌కి మెసేజ్ కొట్టాడు.

హయత్‌నగర్లో ఖాళీ గంపతో పెంటమ్మ ఎక్కింది. తిన్నగా టైరు మీది సీటు దగ్గరికి వచ్చింది. జంగయ్య కర్ర తీసి దారి ఇచ్చాడు. ఆమె తడి కర్చీఫ్ ఎత్తి, కిటికీలోంచి గట్టిగా పిండి, అప్పుడు చూసింది కొడుకుని.

"నువ్వేంది ఈడ? ఆఫీసు లేదా? గా మీసమేంది?"

సాయినాథ్ వేలాడుతున్న మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నీకు సీటు ఆపిన అమ్మా," అన్నాడు.

"గీ సీటు ఎవడు గూసుంటడని ఆపినవ్, పిచ్చోడా," అంది పెంటమ్మ. కూర్చుని మోకాలు రుద్దుకోబోయి ఆగింది. "ఇయ్యాల నొప్పే లేదు, ఎందుకో. నిలబడే ఒద్దామనుకున్న."

తర్వాత విభాగం ఆ కర్చీఫుని పరీక్షకు అడిగింది. కత్తెర దాన్ని కొయ్యలేకపోయింది. నిప్పు అంటుకోలేదు. ఇందిరాదేవి ఫైల్లో ఎర్ర సిరాతో రాసింది: "అమరత్వం పొందినవారు: ఒక కర్చీఫ్." సాక్ష్యంగా లాకర్లో పెడదామంటే పెంటమ్మ ఇవ్వలేదు. ఇప్పుడది రోజూ ఆమె సద్ది డబ్బాకు మూటగా హయత్‌నగర్ వెళ్లి వస్తోంది.

"బట్ట మంచిగున్నది బిడ్డా, ఎంత ఉతికినా రంగు పోతలేదు," అంది ఆమె నెల తర్వాత. "గసొంటియే ఇంకో రెండు తే. ఒక్కటే ఎన్నొద్దులొస్తది?"