తెల్లారకముందే వచ్చిన పెద్దలు

ఆ శనివారం పొద్దున కూడా ములునేష్ కాఫీ గింజలు వేయించుకోవడానికి పెనం పట్టుకుని పక్కింటికి వెళ్లింది. నాలుగు నెలలుగా ఇదే వరస. రాజధాని అడిస్ ఆసుపత్రిలో మందు ఎక్కించడం మొదలైనప్పటి నుంచి అమ్మకు వేగే గింజల వాసన తగిలితే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేస్తోంది.

"మీ ఇంట్లో కాఫీ పొగ చూసి ఎన్నాళ్లయిందే!" అంది పక్కింటి అత్సెదె, పొయ్యి ముందు నుంచి జరిగి చోటిస్తూ. "ఊళ్లోవాళ్లు మీరు పిసినారులైపోయారనుకుంటున్నారు."

"అనుకోనీ పిన్నీ. అదే అనుకోనీ."

అత్సెదె పొయ్యిలో మంట ఎగదోసింది. జబ్బు పేరు ఆమెకూ తెలుసు. వీధి మొత్తానికి తెలుసు. తెలియనిది ఒక్క అమ్మకే. అమ్మ జెనెబెచ్‌కు పిల్లలు చెప్పిన మాట ఒక్కటే: రొమ్ములో చీముగడ్డ, మందుతో ఎండిపోతుంది అని.

కాఫీ దంచుకుని ఇంటికి వచ్చేసరికి వంటగదిలో అన్న గెటహున్ నిలబడి ఉన్నాడు. అడిస్‌లో లెక్కల మాస్టారు. రాత్రి బస్సుకు వచ్చాడు కానీ, ఇప్పటిదాకా నోరు విప్పలేదు.

"డాక్టర్ ఏమన్నాడు?" అని అడిగింది ములునేష్.

"ఎముకల్లోకి పాకిందట. కాలేయంలోకి కూడా. ఈ మందు పనిచేయడం లేదు. ఇంకో మందు ఉందట. కొంచెం పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. ఒళ్లు తట్టుకోకపోవచ్చు. కావాలో వద్దో అమ్మనే అడగమన్నాడు."

"మరి అడుగు."

"ఏమని అడగను? గడ్డ అని చెప్పింది మనమే కదా!"

"మనం కాదు, నువ్వు. చెబుదామంటే ఆ రోజు నా నోరు మూయించావు."

"చెబితే అమ్మ ఆ బస్సెక్కేదా?"

"ఆ బస్సు సంగతి నువ్వు మాట్లాడకు. ఆరుసార్లూ కొండ మలుపుల్లో అమ్మ నోటి దగ్గర బకెట్ పట్టుకుని కూర్చున్నది నేను. నువ్వు బస్టాండులో దింపుకున్నావు, బస్టాండులో ఎక్కించావు. అంతే!"

"అంటే ఇక వదిలేద్దామంటావు. చావనిద్దామంటావు."

ములునేష్ చేతిలోని గరిటె కింద పడింది. దాన్ని తీయడానికి ఇద్దరూ వంగలేదు.

లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఏమిటర్రా, పిల్లుల్లా బుసలు కొట్టుకుంటున్నారు? వొండె ఫోన్ చేశాడా?"

చిన్న కొడుకు వొండ్వొసెన్ లారీ నడుపుతాడు. పొరుగు దేశంలోని జిబూటి రేవు నుంచి ఎడారి దాటి సరుకు తెస్తాడు.

"లేదమ్మా. ఎడారిలో ఉన్నాడేమో, సిగ్నల్ దొరకదు."

"తొమ్మిది రోజులైంది," అంది అమ్మ.

గెటహున్ చొక్కా సర్దుకున్నాడు. "ఇలాంటి మాట పిల్లలు చెప్పేది కాదు. పెద్దలు చెప్పాలి. నేను చూసుకుంటా," అని బయటికి వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లవారుజామున తలుపు చప్పుడైంది. ములునేష్ తీసి, గడియ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది.

పొగమంచులో ఐదుగురు. తెల్లని గాబీ దుప్పట్లు తల నిండా కప్పుకుని ఉన్నారు. ముందు అమ్మ పాపనివేదన వినే చర్చి గురువు అబ్బా తెక్లే. ఆయన పక్కన, ఎవరు పోయినా సంతాప డేరా వేయించే ఇద్దిర్ సంఘం పెద్ద షిఫెరావ్. మరో ఇద్దరు ముసలివాళ్లు. అందరి వెనక తల దించుకుని గెటహున్.

ఆ ఊళ్లో చావు కబురు చెప్పే పద్ధతి ఒక్కటే. దూరాన ఎవరు పోయినా పెద్దలు ఇలాగే, తెల్లారకముందే, గుంపుగా వచ్చి తలుపు తడతారు. పన్నెండేళ్ల కిందట నాన్న కబురు ఇలాగే వచ్చింది.

"అన్నా, బుద్ధుందా నీకు?" అంది ములునేష్ గుసగుసగా. "ఈ వేళప్పుడా తీసుకొచ్చేది?"

"ఇవాళ మరియమ్మ పండుగ కదా! అబ్బా పూజలోకి వెళ్తే మధ్యాహ్నం దాకా..." అంటూనే గెటహున్ ఆగిపోయాడు. తను చేసిన పని అప్పుడు తెలిసింది అతనికి.

అప్పటికే ఆలస్యమైపోయింది. జెనెబెచ్ మంచం మీద లేచి కూర్చుంది. తెరిచిన తలుపులోంచి తెల్లని గాబీలు చూసింది. నెల రోజులుగా ఎవరో ఒకరు పట్టుకోకపోతే లేవలేని మనిషి ఒక్క ఉదుటున నేల మీదికి దిగింది.

"వొండె! నా వొండె! నా బిడ్డా!"

తలగుడ్డ లాగి పారేసింది. మందుకు జుట్టంతా రాలిపోయిన తల. దాన్ని రెండు చేతులతో కొట్టుకుంటోంది. "ఎడారిలో ఒంటరిగా పోయావా నాన్నా! నీళ్లు ఇచ్చేవాళ్లు కూడా లేకుండా!"

"అమ్మా, కాదమ్మా!" గెటహున్ పెద్దవాళ్లను తోసుకుంటూ వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. "వాడికేం కాలేదు! వాడు బాగున్నాడు. వీళ్లు వచ్చింది నీ గురించి! నీకు క్యాన్సర్ అని చెప్పడానికి!"

అబ్బా కళ్లు మూసుకున్నారు.

జెనెబెచ్ కొడుకు ముఖంలోకి చూసింది. "నా గురించా?"

"అవునమ్మా."

"వొండె?"

"బతికే ఉన్నాడు. ఒట్టు."

"ఫోన్ కలుపు."

ములునేష్ ఫోన్ అందుకుంది. మొదటిసారి కలవలేదు. రెండోసారీ కలవలేదు. మూడోసారి లారీ హోరు మధ్య నిద్ర వదలని గొంతు ఒకటి పలికింది. "ఏంటక్కా ఇంత పొద్దున్నే?"

జెనెబెచ్ ఫోన్ లాక్కుంది. "తిన్నావా?"

"ఇంకా తెల్లారలేదు కదమ్మా!"

"తిను," అని ఫోన్ ఇచ్చేసింది. అలాగే నేల మీద కూలబడి నవ్వింది. నవ్వుతుంటే కన్నీళ్లు కారుతున్నాయి. "నా గురించేనా! దీనికి ఇంతమంది ఎందుకయ్యా? భయపెట్టి చంపారు."

ఎవరూ నవ్వలేకపోయారు. నవ్వు అయిపోయాక ఆమె తన అరచేతులు చూసుకుంది.

"గెటూ, చస్తానా?"

"తెలీదమ్మా. ఇంకో మందు ఉంది. నయం కాదు. కొన్నాళ్లు ఆపుతుందేమో. అదీ తెలీదు."

"అది ఎక్కించుకుంటే మన ఇంట్లో కాఫీ గింజలు వేయించుకోవచ్చా?"

"లేదమ్మా. వాంతులు ఇంకా ఎక్కువవుతాయట."

"అయితే వద్దు."

"అమ్మా, ఒక్కసారి ఆలోచించు..."

"వద్దు నాన్నా."

గెటహున్ చెల్లెలి వైపు చూశాడు. ఏదైనా చెప్పమన్నట్టు. శనివారం ములునేష్ పైకి అనకుండా కోరుకున్నది ఇదే. ఇప్పుడు ఆ మాట అమ్మ నోటి నుంచి వింటే, ఎవరో చెయ్యి వదిలేసినట్టుంది.

అబ్బా తెక్లే పూజకు ముందు మంచినీళ్లు కూడా ముట్టరు. సిలువతో జెనెబెచ్ నుదుటిని తాకి వెళ్లిపోయారు. మిగిలిన ముగ్గురూ లేవబోతుంటే ఆమె ఆపింది.

"నా గడపలోకి వచ్చి కాఫీ తాగకుండా పోతారా? ములూ, పెనం పెట్టు."

"అత్సెదె పిన్ని ఇంట్లో వేయించి తెస్తానమ్మా."

"ఇక్కడే."

గింజలు చిటపటలాడాయి. పొగ లేచింది. జెనెబెచ్ శాలువా ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కానీ లాభం లేకపోయింది. ములునేష్ పెనం వదిలేసి బకెట్ కోసం పరుగెత్తింది. దాన్ని మధ్యలోనే గెటహున్ అందుకున్నాడు.

"ఇటివ్వు. నువ్వు వేయించు."

అతనికి పట్టుకోవడం తెలియలేదు. చొక్కా పాడైంది. "కొంచెం కింద పెట్టు అన్నా, గడ్డం దగ్గర. రెండో చేత్తో నుదురు పట్టుకో," అని పొయ్యి దగ్గర నుంచే చెప్పింది ములునేష్. అతను అలాగే పట్టుకున్నాడు.

ఆచారం ప్రకారం రెండు విడతలు కాఫీ పోశాక, మూడోది, దీవెన కప్పు, వచ్చేసరికి పొగమంచు విడిపోయి ఎండ గుమ్మంలోకి వచ్చింది. దీవించాల్సింది ఇంటి పెద్ద. జెనెబెచ్ పిల్లలనూ వచ్చినవాళ్లనూ దీవించింది. తర్వాత షిఫెరావ్ వైపు తిరిగింది.

"డేరా వేయించేది నువ్వే కదా. ఒక్క మాట గుర్తుపెట్టుకో. నా కబురు వొండెకు తెల్లవారుజామున చెప్పొద్దు. గుంపుగా పోవద్దు. ఇవాళ మళ్లీ తెలిసొచ్చింది నాకు, ఆ తలుపు చప్పుడు ఎలా ఉంటుందో. వాణ్ని ఇంటికి పిలిపించండి. కడుపునిండా పెట్టండి. మూడో కప్పు తాగాక చెప్పండి."

షిఫెరావ్ తల ఊపాడు.

"ఎవరు చెప్పాలమ్మా?" అని అడిగాడు గెటహున్, బకెట్ ఇంకా ఒళ్లోనే పెట్టుకుని.

"నువ్వూ, చెల్లీ," అంది అమ్మ. "మీ ఇద్దరే. పెద్దలెందుకు?"

ములునేష్ వచ్చి అన్న పక్కన కూర్చుంది. అమ్మ అతని భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. ఆమె కప్పులో కాఫీ ముట్టకుండా అలాగే ఉంది. దాన్ని తీసి పారబోయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.