బలపాసురుడి గుహలో ఎర్ర గీత

గండిదుర్గం రాజ్యంలో ఒక ఏడు తొలకరి వేళ ఇనుము మెత్తబడిపోయింది.

మొదట ఆ సంగతి దుక్కి దున్నేవాళ్ళకు తెలిసింది. చాలు పట్టగానే నాగలి కర్రు అరిటాకు కొసలా వంగింది. తర్వాత కొడవళ్ళు వంగాయి. గొడ్డలి దెబ్బకు చెట్టు చెక్కుచెదరలేదు, గొడ్డలే నొక్కుకుపోయింది. కుట్టబోతే సూది వేలికి చుట్టుకుంది. కోట తలుపు మేకులు మైనంలా జారిపోయి, తలుపు ఊడి కావలివాళ్ళ మీద పడింది. పొలాలన్నీ దున్నకుండా ఉండిపోయాయి. నేలలో ఆ తొలకరి పదును దాటితే విత్తనం పడదు. విత్తనం పడకపోతే ఏడాదికి కూడు లేదు.

రాజు చాటింపు వేయించాడు. “ఇనుముకు గట్టిదనం తిరిగి తెచ్చినవారికి కొండసీమ దొరతనం ఇస్తాను. ఆడైనా సరే, మగైనా సరే.”

ఆ కొండసీమ అంచున ఓబన్న అనే కమ్మరి ఉండేవాడు. కొండలో ఇనుపరాయి తవ్వి, నలగ్గొట్టి, కడిగి, బొగ్గూ రాయీ పొరలుగా కొలిమిలో పేర్చి, తిత్తులు ఊది ఇనుము తీసేవాడు. అతనికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది సుంకి, చిన్నది చెంగి.

సుంకి చేతికి రాయి ఇస్తే చాలు, గోటితో గీకి, నాలుక కొసకు తాకించి, అరచేతిలో బరువు చూసి అదేమిటో చెప్పేది. ఎండలో రాళ్ళు ఏరి ఏరి ఆమె ముఖం కమిలింది, చేతులు కాయలు కాచాయి. చెంగి చక్కని పిల్ల. పాట ఎత్తుకుంటే దారిన పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. ఇనుము కోసం వచ్చినవాళ్ళు ఆమెను చూసి, “ఓబన్నా, నీ ఇంట్లో లక్ష్మి తిరుగుతాందప్పా!” అనేవాళ్ళు. అక్కడే బొగ్గు గంప దించుతున్న సుంకిని చూసి, “అమ్మీ, రవన్ని నీళ్ళు తే,” అనేవాళ్ళు.

అప్పుడు సుంకి కడుపులో నిప్పు రాజుకునేది. చెంగి జడలో పూలు చూస్తే మండేది. చెంగి నవ్వితే మండేది. చెంగికి జ్వరం వస్తే, ఇల్లంతా దాని మంచం చుట్టూ చేరిందని ఇంకా మండేది.

చాటింపు విన్న మర్నాడే, ఇనుము పుట్టిన చోటే వెతకాలని చెంగి కొండల్లోకి బయలుదేరింది. ఊరు ఊరంతా పొలిమేర దాకా వచ్చి సాగనంపింది. వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు. ఓబన్న అన్నం మానేశాడు.

“నేను పోతా నాయనా,” అంది సుంకి.

“చెంగిని తీసుకురా,” అన్నాడు ఓబన్న. “గట్టిదనం రాకపోయినా మాన్లే. బిడ్డను తీసుకురా.”

‘నేను రాకపోయినా మాన్లేనా?’ అని అడగబోయి సుంకి ఊరుకుంది. దొరనై గుర్రమెక్కి ఊళ్ళోకి వస్తే అప్పుడు నీళ్ళు తెమ్మనేది ఎవరో చూస్తాననుకుంటూ నడిచింది. పొలిమేరలో మేకలు తోలుకునే ముసలాయన ఒక్కడే, “యాడికమ్మీ?” అని అడిగాడు. జవాబు వినకుండానే మేకల వెనక వెళ్ళిపోయాడు.

అడవి మొదట్లో ఒక వాగు అడ్డం వచ్చింది. నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఒడ్డున ఒక ముసలవ్వ చెక్కతట్టలో ఇసుక కడుగుతోంది. తట్ట నిండా పసుపు తళుకులే.

“దారి కావల్నా?” అంది అవ్వ. “ఈ తళుకుల్లో బంగారమేదో, కాకిబంగారమేదో ఏరు. తప్పు ఏరితే వాగు మింగుతుంది, నన్ననేది ల్యా.”

సుంకి ఒక తళుకును గోటితో నొక్కింది. అది ఉల్లిపొరలా రెండుగా చీలింది. కాకిబంగారం. ఇంకోదాన్ని నొక్కింది. అది చీలలేదు, సొట్టపడి ఊరుకుంది. బంగారం. ఆ తర్వాత తట్టను నీళ్ళలో ముంచి తిప్పింది. తేలికపాటి తళుకులన్నీ నీళ్ళతో కొట్టుకుపోయాయి. బరువైన బంగారం అడుగున మిగిలింది.

“భలేగా చేస్తివే!” అంది అవ్వ. “మొన్నొక పిల్ల వచ్చింది. ఏం పాట పాడిందమ్మా! ఆ పాట వినే వాగు దారిచ్చేసింది.”

“ఏరకుండానేనా?”

“ఏరకుండానే.”

సుంకి పళ్ళు పటపట కొరికింది. వాగు రెండుగా చీలి దారి ఇచ్చింది గానీ, ఆ దారిన నడుస్తున్నంతసేపూ ఆమెకు ఏమీ సంతోషం కలగలేదు.

వాగు దాటాక రెండు కొండల నడుమ ఇరుకు కనుమ. అక్కడ మాటలు వచ్చిన ఎలుగుబంటి ఒకటి పడుకుని ఉంది. దాని వెనక కాలు కోసుకుపోయి నెత్తురు ఆగడం లేదు. ముందర మూడు తెల్లరాళ్ళు ఉన్నాయి.

“వీటిలో ఒకటి నెత్తురు కడుతుంది,” అంది ఎలుగు. “ఒకటి మంట పెడుతుంది. ఒకటి దేనికీ పనికిరాదు. మంట పెట్టినావంటే ఒకే దెబ్బ.”

సుంకి మూడింటినీ నాకి చూసింది. మొదటిది ఉప్పు. రెండోదానికి రుచే లేదు, తడికి కరగనూ లేదు. అది పలుగురాయి. మూడోది వగరు, నోరంతా పిడచ కట్టింది. అది పటిక. దాన్ని తడిపి గాయం మీద అద్దింది. కాసేపటికి నెత్తురు కట్టింది.

“మొన్న ముందుకాలు కోసుకుంటే ఆ పాటల పిల్ల చూసింది,” అంది ఎలుగు కాలు నాక్కుంటూ. “దాని చేతులు వెన్నపూస. నీవి గరుకు ఆకురాళ్ళు.”

“అది పటికను ఎట్ల కనుక్కుంది?”

“కనుక్కోల్యా. మూడూ వరసబెట్టి అద్దింది. ఉప్పు తగిలి నేను అరిస్తే, నాతోపాటు అదీ ఏడ్చింది. ఏడ్చే పిల్లను ఎట్ల చంపేది?”

“నేను ఏడ్చింటే?”

ఎలుగు ఆలోచించింది. “ఏమో. చంపేసేదాన్నేమో,” అంది దాపరికం లేకుండా.

ఎలుగు ఆమెను వీపున ఎక్కించుకుని కొండ మీది గుహ దగ్గర దించింది.

ఆ గుహలో బలపాసురుడు ఉంటాడు. తాడిచెట్టంత మనిషి. ఒళ్ళంతా బలపపు రాయే. తాకితే జిడ్డుగా, నున్నగా ఉంటాడు. పిచ్చుక గోళ్ళ గీతలు, మేక గిట్టల గీతలు, తేలు నడిచిన గీతలు అతని మీద కనిపిస్తున్నాయి. అతను కదిలితే మాత్రం పొట్టలో నుంచి ఖంగుఖంగుమని ఇనుము మోగింది.

“అవును, నేనే తాగినా గట్టిదనం,” అన్నాడు అసురుడు. “ఇనుమంటే మీకు ఎంత ముద్దు! కత్తికి కుంకుమ పెడతారు, కర్రుకు టెంకాయ కొడతారు. నన్ను చూస్తే గోటితో గీకి నవ్వుతారు. నా ఒళ్ళు మండదా?”

ఆ మంట ఎలా ఉంటుందో సుంకికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా పైకి, “మా చెంగి యాడ?” అంది.

అసురుడు గోడ వారగా ఉన్న రాళ్ళను చూపించాడు. “ఈడికొచ్చినోళ్ళు లోపల ఏం దాచుకుని వస్తే ఆ రాయి అవుతారు. వాటిలో ఉంది మీ చెల్లెలు. నిన్నూ రాయిని చేసేవాణ్ణే. కానీ నీ కండ్లలో నా కుళ్ళే కనబడతాంది, అందుకే నాదొక బేరం. ‘చెల్లెలు నీకే’ అని నీ నోటితో ఒక్క మాట అను. గట్టిదనం మొత్తం ఇచ్చి పంపిస్తా. నా మాదిరి కుళ్ళేవాళ్ళు ఇంకొకరున్నారని చూసుకుని సంతోషపడతా.”

సుంకి అప్పటికప్పుడు కాదనలేదు. గుర్రం కళ్ళ ముందు కదిలింది. ఊరు ఊరంతా పొలిమేరలో నిలబడి తనను చూడటం కనిపించింది. పొలాలు దున్నుకుంటారు, అందరూ బతుకుతారు, తప్పు పట్టేవాళ్ళు కూడా ఉండరు. ఆమె నోరు తెరిచింది. అసురుడు ముందుకు వంగాడు.

“ఇయ్యను,” అంది సుంకి. “దాన్ని ఈడ ఇడిసిపెడితే ఊళ్ళో అది ఎప్పటికీ చక్కని చుక్కగానే ఉంటాది. నాకు పండ్లూడినా ‘మా చెంగి ఉండింటేనా’ అంటారు. లేనిదాంతో నేను యాడ పోటీ పడేది? అది ఇంటికి రావల్ల, నాతో కొట్లాడల్ల, నాతోపాటు ముసలిదవ్వల్ల!”

కోపంతోనే అంది. అనేసి గోడ వారగా ఉన్న రాళ్ళ కేసి తిరిగింది.

అసురుడి ముఖం చిన్నబోయింది. “అయితే ఒక్క రాయిని ఎత్తు. సరైనదైతే చెల్లెలూ గట్టిదనమూ రెండూ నీవే. తప్పయితే నువ్వూ ఆ వరసలో కూర్చో.”

వరసలో మొదట అద్దంలా మెరిసే స్ఫటికం ఉంది. చెంగి ఇంకేమవుతుంది? సుంకి చెయ్యి అటే పోయింది. అసురుడి పెదవి కొస కొంచెం వంకర తిరగడం ఆమె కంటపడింది. చెయ్యి వెనక్కు తీసుకుంది.

“మా కొలిమిలో రాయిని పైపైన చూసి నమ్మం,” అంది. “గీసి చూస్తాం.”

గుహలో గరుకైన తెల్లబండ ఒకటి ఉంది. సుంకి స్ఫటికాన్ని ఎత్తకుండా దొర్లించుకొచ్చి ఆ బండ మీద గీసింది. బండే గీరుకుపోయింది తప్ప రంగు పడలేదు.

“కోట సేనాపతి,” అన్నాడు అసురుడు. “లోపల ఏమీ లేదు.”

పక్కన బంగారంలా ధగధగలాడే రాయిని గీసింది. ఆకుపచ్చ కలిసిన నల్ల గీత పడింది.

“వడ్డీల సెట్టి. లోపల మోసం.”

మిగిలిన మెరిసే రాళ్ళన్నీ గీసింది. పచ్చ గీత పడ్డది, పసుపు గీత పడ్డది. ఏదీ చెంగి అనిపించలేదు. సుంకి అలసిపోయి, మూలన దుమ్ము కొట్టుకుపోయిన నల్లరాయి మీద కూర్చుంది.

కూర్చుని తమ కొండను తలచుకుంది. ఆ గనిలో ఇనుపరాయి ఒకచోట నల్లగా, ఒకచోట మట్టిరంగులో, ఒకచోట నిగనిగలాడుతూ దొరుకుతుంది. కొత్తవాళ్ళు అవి వేరువేరు రాళ్ళనుకుంటారు. గీస్తే మాత్రం అన్నిటిదీ ఒకే ఎరుపు. ఒక తల్లి బిడ్డలు కూడా అంతే కదా అనిపించింది. లేచి, తన బొటనవేలినే బండ మీద బలంగా గీసింది.

ఎర్రని గీత పడింది. అసురుడు ఒక అడుగు వెనక్కు వేశాడు.

ఇంత ఎరుపు ఇప్పటిదాకా ఏ రాయికీ పడలేదు. గీయకుండా మిగిలింది ఒక్కటే. తాను కూర్చున్న నల్లరాయి. దాన్ని దొర్లించుకొచ్చి గీసింది. రెండో గీత మొదటి గీత పక్కనే, అదే ఎరుపుతో పడింది.

“ఈ ఎరుపేంది?” అంది సుంకి.

“కుళ్ళు,” అన్నాడు అసురుడు నీరసంగా. “పక్కా కుళ్ళు.”

“మా చెంగికా! ఎవరి మీద?”

“దాన్నే అడుగు.”

సుంకి ఆ రాయిని రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుంది. రాయి వెచ్చబడింది, కదిలింది, చెంగి అయింది.

“నా మీద కూర్చుంటివే!” అంది చెంగి మొదటి మాటగా. “ఏం బరువున్నావక్కా!”

“నీకు కుళ్ళా? ఎవరి మీదే?”

చెంగి ముఖం తిప్పుకుంది. “నీ మీదే.”

“నా దగ్గర ఏముందని? ఈ కాయలు కాసిన చేతులా?”

“అవే. నాయన ప్రతి రాయీ నీకే చూపిస్తాడు. ‘మా సుంకి చూసిందంటే చాలు’ అంటాడు. నేను కొలిమి దగ్గరికొస్తే ‘నల్లబడతావు, పో’ అంటాడు. ఇంట్లో నేనొక బొమ్మ, నువ్వొక మనిషి. అందుకే నీకంటే ముందు పోవల్లని ఉరికొస్తి.”

“నాయన నన్ను అట్లన్నాడా? ఎప్పుడు?”

“దినామూ అంటాడు. నీ ముందర అనడంతే.”

సుంకి చెల్లెలి జుట్టులో దుమ్ము దులిపింది.

బలపాసురుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అతని కళ్ళ నుంచి తెల్లని పొడి రాలుతోంది. “మాట తప్పను. గట్టిదనం ఇచ్చేస్తా. ఇంక ఎప్పటికీ పిచ్చుకలు కూడా గీకిపోతాయి నన్ను.”

“మాయింట్లో పులుసు దేంట్లో కాస్తారో తెలుసునా?” అంది సుంకి.

“ఇంకేంది, ఇనుప సట్టిలో.”

“దాంట్లో కాస్తే పులుసు నల్లబడి తుప్పు కంపు కొడుతుంది. మాయమ్మ బలపపురాతి చిప్పలోనే కాస్తాది. పొయ్యి మీద నుంచి దించినా తుకతుక ఉడుకుతానే ఉంటాది. నువ్వు మెత్తనోడివే. అందుకే ఉలితో చిప్ప తొలిచేది సులువు. మంటకు మాత్రం పగలవు.”

“ఆ చిప్పంటే మా ఇనుప సట్టికి ఎంత కుళ్ళో!” అంది చెంగి.

అసురుడు తలెత్తాడు. “ఇనుముకా? నా మీదా?”

“మరి! మూలన పడి ఉంటాదయ్యా, పలకరించేవాళ్ళు లేక.”

బలపాసురుడు పకపక నవ్వాడు. ఆ నవ్వుతో పొట్టలోని గట్టిదనమంతా పెనుగాలిలా బయటికొచ్చి రాజ్యం మీదికి వీచింది. కర్రులు నిటారయ్యాయి, సూదులు తిన్ననయ్యాయి. గుహలోని రాళ్ళన్నీ మనుషులై లేచి, ఒకరి ముఖం ఒకరు చూడలేక గబగబా కొండ దిగిపోయారు.

అక్కచెల్లెళ్ళు తండ్రితో కలిసి రాజు ముందు నిలబడ్డారు.

“మీలో గట్టిదనం తెచ్చింది ఎవరు?” అన్నాడు రాజు.

“నేనే,” అన్నారిద్దరూ. సభ గొల్లుమంది.

చెంగి కాస్త తటపటాయించి, “దొరతనం మా అక్కకియ్యండి సామీ,” అంది. “మా నాయనకు చెప్పి నాకు కొలిమి ఇప్పించండి.”

ఓబన్న ‘నల్లబడతావు’ అనబోయాడు. ఇద్దరు కూతుళ్ళ చూపులూ చూసి నోరు మూసుకున్నాడు.

సుంకి కొండసీమకు దొరసాని అయింది. ఏ కొండ తవ్వాలో, ఏది వదిలేయాలో ఆమె చెప్పిందే మాట. చెంగి కొలిమి పట్టింది. మొదట రెండుసార్లు ఇనుమంతా చిట్టెంలో, ఆ కరిగిన రాతి మడ్డిలో, కలిసిపోయింది. ఆ తర్వాత చిట్టెం వేరుగా పారి, ఎర్రని ముద్ద మిగిలింది. సుత్తి పడితే గంటలా మోగింది. కొద్ది కాలానికే సంతలో జనం “చెంగి ఇనుమేనా?” అని అడిగి మరీ కొనడం మొదలుపెట్టారు.

ఒకనాడు గుర్రం మీద పోతూ ఆ మాట సుంకి వింది. పాత మంట భగ్గుమంది. తిన్నగా కొలిమి దగ్గరికి వెళ్ళి గుర్రం దిగింది.

“చెంగీ, నాకు కుళ్ళుగా ఉందే.”

చెంగి మసిచేత్తోనే చెమట తుడుచుకుంది. “నాకూ అక్కా. ఆ గుర్రాన్ని చూసినప్పటి నుంచీ. పా, నువ్వు తిత్తి ఊదుతా ఉండు. నేనట్ల ఒక చుట్టు తిరిగొస్తా.”

కొండసీమ దొరసాని కొంగు బిగించి తిత్తి దగ్గర కూర్చుంది. చెంగి పాడుకుంటూ గుర్రమెక్కి వెళ్ళింది. పొద్దు వాలినా తిరిగి రాలేదు. సుంకి దాన్ని నోరారా తిట్టుకుంటూ, నిప్పు ఆరకుండా ఊదుతూనే ఉంది.