పంక్చర్ తాత ఫొటో

“ఎవరు రాశారిది?”

లంచ్ బెల్ అప్పుడే కొట్టారు. స్కూలు హాల్లో ఫొటోల ప్రదర్శన చూస్తున్న పిల్లలంతా ఒక్కసారిగా తలలు తిప్పారు. గుమ్మంలో పంక్చర్ తాత నిలబడి ఉన్నాడు. చేతులకు గ్రీజు మరకలు ఇంకా అలాగే ఉన్నాయి. స్కూలు గేటు ఎదురుగా ఉన్న సైకిల్ రిపేరు షాపు ఆయనదే.

ఆయన తిన్నగా ఫస్ట్ ప్రైజు ఫొటో దగ్గరికి నడిచాడు. అందులో ఉన్నది ఆయనే. కళ్లు గట్టిగా మూసుకుని, నొసలు ముడిచి, నల్లటి ట్యూబు పట్టుకున్న చేతుల్ని చెంపకు ఆనించుకుని కూర్చున్నాడు. ఫొటో కింద పెద్ద అక్షరాలతో ‘ఎవరికీ పట్టని దుఃఖం’ అని ఉంది.

“నేనే రాశాను. ఫొటో కూడా నేనే తీశాను” అంది టపాకాయ్.

ఏడో తరగతి చదివే ఆ పిల్లను ఇంట్లోనూ బళ్లోనూ అందరూ అలాగే పిలుస్తారు. ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు మరి.

“నేను ఏడుస్తున్నానని నీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పాలా? చూస్తే తెలియట్లేదూ?”

“ఏం తెలుస్తోంది నీకు? రెండు రోజులుగా షాపుకొచ్చిన ప్రతివాడూ ‘ఇంట్లో అంతా బాగానే ఉందా తాతా’ అని ఒకటే పరామర్శ. మా మనవరాల్ని ‘ఏడుపు తాత మనవరాలు’ అంటున్నారట. ఇవాళ బడికి రానంటే రానని కూర్చుంది. తీసెయ్ దాన్ని!”

టపాకాయ్‌కి ఒళ్లు మండింది. శనివారం అన్ని స్కూళ్ల పోటీకి వెళ్లాల్సిన ఫొటో అది.

“తీయను. ఇది నా ఫొటో.”

“మొహం నాది” అని తాత విసవిసా వెళ్లిపోయాడు.

సాయంత్రం టపాకాయ్ మొహం గంటు పెట్టుకుని ఇల్లు చేరింది. ఆమె పిన్ని డాక్యుమెంటరీ ఫొటోగ్రాఫర్. మనుషులు పనిచేసే చోటికి నెలల తరబడి వెళ్లి, వాళ్లను వాళ్ల పనిలోనే ఫొటోలు తీస్తుంది. పత్రికలు వాటిని వేసుకుంటాయి. పెద్దయ్యాక టపాకాయ్ కూడా అదే పని చేయాలనుకుంటోంది. పాత కెమెరా ఇచ్చి నేర్పింది కూడా పిన్నే.

ఆ పిన్ని ఇప్పుడు ఫోన్లో ఎవరిమీదో కారాలు మిరియాలు నూరుతోంది.

“ఆవిడ బట్టలు మడతపెట్టే మనిషి కాదండీ, మరకలు తీసే మనిషి! ఇరవై ఏళ్లుగా అదే పని. ఫొటో కింద వేయమని నేను సరిగ్గా రాసిస్తే మీరెందుకు మార్చారు? వచ్చే సంచికలో తప్పు సరిదిద్దండి. లేదంటే నా ఫొటోలు మీకు లేవు.”

ఫోన్ పెట్టేసి, “నీకేమైందే?” అంది.

టపాకాయ్ జరిగిందంతా ఏకరువు పెట్టింది. పిన్ని తన తరఫున ఒంటికాలి మీద లేస్తుందనుకుంది. పిన్ని లేవలేదు.

“ఫొటో తీశాక ఆయనతో ఏం మాట్లాడావు?”

“ఏమీ లేదు. రోడ్డు అవతలి నుంచి తీశాను. మాట్లాడితే సహజంగా రాదు కదా పిన్నీ.”

“సహజంగానే వచ్చింది. ఆ తర్వాతైనా రోడ్డు దాటి అడగాల్సింది. ఆయన అప్పుడు ఏం చేస్తున్నాడో నీకు తెలుసా?”

టపాకాయ్ కెమెరా పట్టీని వేలికి చుట్టుకుంది.

“తెలియదు. తెలియకుండానే రాసేశావు.”

“నువ్వొచ్చి ఆయనకి చెప్పు పిన్నీ. నీ మాటైతే వింటాడు.”

“తీసింది నువ్వు, రాసింది నువ్వు. కోపం ఆయనది. మధ్యలో నాకేం పని?”

అందరూ తనమీదే పడుతున్నారని టపాకాయ్ తలుపు ధడాలున వేసుకుంది.

మర్నాడు బడికి ముందు, ఇంకా బుసలు కొడుతూనే షాపుకి వెళ్లింది. తాత తలెత్తలేదు. ట్యూబులో గాలి కొట్టి, రెండు చేతులతో పట్టుకుని చెంప దగ్గరకు తెచ్చుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నొసలు ముడిచాడు. ట్యూబును అంగుళం అంగుళం తిప్పుతున్నాడు.

అచ్చం ఫొటోలో ఉన్నట్టే.

“ఏం చేస్తున్నారు తాతా?” ఆమె గొంతు చిన్నదైపోయింది.

“ఇప్పుడడుగుతున్నావా?” కళ్లు తెరవకుండానే అన్నాడు. “వింటున్నాను. మాట్లాడకు.”

కాసేపటికి ఒకచోట వేలు పెట్టాడు. ట్యూబును ఆమె చేతిలో పెట్టి, చెవి దగ్గర పట్టుకోమన్నాడు. టపాకాయ్‌కి ఆటోల హారన్లు తప్ప ఏమీ వినపడలేదు. అప్రయత్నంగా కళ్లు మూసుకుంది. నొసలు ముడుచుకుంది. అప్పుడు, సూది మొనంత సన్నగా, సుయ్‌మంటూ గాలి.

“నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు వస్తాయి కదా?”

“అందరూ అదే చేస్తారు. నాకు ముందు చెవి, ఆ తర్వాతే నీళ్లు. నలభై ఏళ్లుగా ఇంతే. దాన్ని పట్టుకుని ఏడుపంటావా!”

టపాకాయ్‌కి మళ్లీ కోపం వచ్చింది. ఈసారి ఎవరిమీదో ఆమెకు బాగా తెలుసు.

“తప్పు రాశాను తాతా. ఫొటో తీసేస్తాను.”

తాత ట్యూబుకి గరుకు కాగితం రుద్దడం మొదలుపెట్టాడు. “ఫొటో బాగానే ఉంది, రాతే బాగాలేదు” అన్నాడు.

ఆమె నోట్‌బుక్ తీసి, ఆయన చెప్పింది రాసుకుని, చదివి వినిపించింది. ఆయన తలూపాడు.

బళ్లో ఫొటోల పోటీ చూసుకునే డ్రాయింగ్ టీచర్ మాత్రం ఇది విని తల పట్టుకుంది. “ఆ మాట చూసే జడ్జీలు ఫస్ట్ ఇచ్చారు. అది మారిస్తే పోటీకి పంపరేమోనే!”

“పంపకపోతే పోనివ్వండి టీచర్. అది అబద్ధం.”

లంచ్ బెల్ కొట్టగానే టపాకాయ్ హాల్లోకి వెళ్లి పాత కాగితం చించేసింది. “ఏడుపు తాత...” అని ఒకడు మొదలుపెట్టాడు. ఆమె చూసిన చూపుకి సగంలోనే ఆపేశాడు.

కొత్త కాగితం అంటించి అందరి ముందూ రాసింది. ‘సైకిల్ మెకానిక్, ట్యూబుని చెవి దగ్గర పెట్టుకుని, గాలి పోయే చోటు వెతుకుతున్నాడు.’

వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూసింది. తాత మనవరాలు. ఇవాళ బడికి వచ్చినట్టుంది. రాసిందంతా వేలితో చూపిస్తూ ఒక్కొక్క మాటే చదివింది. మొహంలో కోపం తగ్గలేదు.

“తప్పు” అంది.

“ఏది?”

“ఉత్త చెవి కాదు, ఎడమ చెవి. తాత కుడి చెవికి అంత సన్న చప్పుడు వినపడదు.”

టపాకాయ్ ‘చెవి’ కొట్టేసి, పైన ‘ఎడమ చెవి’ అని రాసింది.

“ఇంకేమైనా తప్పుందా? చూసి చెప్పు” అని పెన్ను ఆ పిల్ల చేతికిచ్చింది.