ఫ్రేములో చెయ్యి

ఫోటో క్లబ్బులో అందరూ అతన్ని కత్తెర అనేవారు. ఎవరి ఫోటో తెర మీదికొచ్చినా ఏదో ఒక మూల కత్తిరించందే అతనికి తోచదు. ఆ ఆదివారం అతనికి దొరికింది కొత్తగా చేరిన అమ్మాయి, పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. తెర మీద ఆమె పెంచుకునే ముసలి కుక్క; ఇంట్లో దాన్ని ముసలమ్మ అనే పిలుస్తారు.

"నిలబడి తీశారు కదూ? అందుకే కాళ్లు మాయమయ్యాయి. కళ్లలో వెలుగు లేదు. పక్కన ఆ చెయ్యి ఎవరిది?"

"మా అమ్మది. పట్టుకోకపోతే కూర్చోదు."

"పోర్ట్రెయిట్‌లో అనవసరమైన చెయ్యి ఉండకూడదండీ. కత్తిరించేయండి."

"మీకు కత్తిరించడం తప్ప ఇంకేం రాదా?"

అందరూ గొల్లున నవ్వారు. ఉక్రోషం కొద్దీ అతను ఆ ఫోటోను తానే దిద్ది ఆమెకు పంపాడు. చెయ్యి తీసేశాడు. మూతి మీది తెల్ల వెంట్రుకలు నల్లగా చేశాడు. పొర కమ్మిన ఎడమ కంటిని తళతళలాడించాడు. మెచ్చుకుంటుందని ఆశ కూడా పడ్డాడు.

మర్నాడు ఆమె ఫోన్ చేసింది.

"ఈ కుక్క ఎవరిదండీ?"

"మీదే కదా!"

"కాదు. మా ముసలమ్మ ఆ పొర కంటితోనే మమ్మల్ని చూస్తుంది. దానికి జబ్బు ముదిరింది, ఎన్నాళ్లో ఉండదన్నారు. అది పోయాక చూసుకోవడానికి ఒక్క మంచి ఫోటో కావాలనే మీ క్లబ్బులో చేరాను. మీరేమో దాన్నే తుడిచేశారు."

అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "మీ ఇంటికి రావచ్చా? తీసేది మీరే. నేను పక్కనుండి చెప్తానంతే."

వానలో తడిసి ముద్దయి వెళ్లాడు. వాళ్లమ్మ తువ్వాలు చేతికిచ్చి, "కత్తెరంటే నువ్వేనా నాయనా? చూస్తే మెత్తగానే ఉన్నావే!" అంది.

ముసలమ్మ కిటికీ పక్క బొంత మీద పడి ఉంది. అతను నేల మీద బోర్లా పడుకున్నాడు. "మీరూ దిగండి. దాని కళ్లంత ఎత్తులో ఉండాలి కెమెరా. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు."

ఆమె పడుకుంది. కానీ ముసలమ్మ తల ఎత్తలేకపోయింది. అతను దాని గడ్డం కింద అరచెయ్యి పెట్టాడు.

"మీ చెయ్యి పడుతోంది."

"పడనివ్వండి. తర్వాత తీసేద్దాం."

ముసలమ్మ ఆమెకేసి చూసింది. ఆమె కెమెరా నొక్కింది. అలాగే అది అతని చేతిలో నిద్రపోతే, చెయ్యి తిమ్మిరెక్కినా అతను లాక్కోలేదు. ఆమె అది గమనించింది.

వారం తిరక్కుండానే ముసలమ్మ పోయింది.

తర్వాతి ఆదివారం ఆమె ఉబ్బిన కళ్లతో వచ్చింది. ఆ ఫోటో తెర మీద పడగానే అందరూ కత్తెరకేసి తిరిగారు. అతను తర్వాతి ఫోటో వేయమన్నాడు. చివరికి అందరూ వెళ్లిపోయాక, ప్రొజెక్టర్ తీగ చుడుతూ అన్నాడు.

"నా చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇవ్వండి, తీసేస్తాను."

"వద్దు. అమ్మ అలాగే గోడకు తగిలిస్తానంది. కాకపోతే ఒక చిక్కొచ్చింది."

"ఏంటి?"

"ఇంటికొచ్చినవాళ్లు ఆ చెయ్యి ఎవరిదని అడిగితే ఏం చెప్పాలో మిమ్మల్నే అడిగి రమ్మంది."

అతను తీగ చుట్టడం ఆపేశాడు.

"మా అమ్మాయి మీద ప్రాణం పెట్టుకున్నవాడిదని చెప్పమనండి మీ అమ్మను."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. అతను ఆ అరచెయ్యే చాచాడు.